ఎండలో చూసిన దారి

పాలు పొంగించే ముహూర్తానికి ఇంకా గంటన్నర ఉందనగా, కొత్త యింటికి తాను రానని సత్యవతమ్మ అన్నది.

గట్టిగా అనలేదు. కోపంగానూ అనలేదు. తడిజుట్టు ముడివేసుకుంటూ, గోడకు ఆనించిన సైకిలు వైపు చూస్తూ, కూరలో ఉప్పు చాలలేదన్నంత మామూలుగా అన్నది. అందుకే ప్రకాశరావుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, చేతిలోని కొత్త పంచె మడత విప్పడం మరచిపోయాడు.

"రానంటే?"

"ఆ దారి మీద నాకు నమ్మకం కుదరడం లేదండీ."

"నిన్న సాయంత్రం తొక్కి చూసింది నువ్వేగా. అద్దంలా ఉందన్నావు."

"అద్దంలానే ఉంది. పక్కన బండి చక్రాల గాడి ఎంత లోతుందో చూశారా?"

ఆయన చూడలేదు. తూర్పున పున్నారావుగారి దొడ్డి చూశాడు, పడమట పుంతదారి చూశాడు, దక్షిణాన ఖాళీ స్థలం, ఉత్తరాన కాలవగట్టు చూశాడు. నాగాయలంకలో పదేళ్ళు దస్తావేజులు రాసిన చెయ్యి ఆయనది. ఏ ఇంటినయినా నాలుగు ఎల్లల మధ్య నిలబెట్టి చూడటం అలవాటు. ఆ ఎల్లల నడుమ నేల ఎటువంటిదో ఏ దస్తావేజూ అడగదు.

వచ్చే సోమవారం సత్యవతమ్మ ఉద్యోగంలో చేరాలి. బందరు శివారున నాలుగు పేటలకు ఆమె ఒక్కతే మిడ్‌వైఫు. తిరగడానికి ఆడవాళ్ళ సైకిలు ఒకటి ఇచ్చారు. దానితోపాటు లేడీ డాక్టరుగారు ఒక షరతు కూడా ఇచ్చారు: ఎండయినా వానయినా, కబురు అందిన అరగంటలో పురిటి మంచం పక్కన ఉండాలి. అలా ఉండగల ఇల్లు చూసుకుని, సోమవారం ఉదయం ఆవిడను వెంటబెట్టుకు వెళ్ళి ఆ ఇల్లు చూపాలి. చూపలేకపోతే జాబితాలో తరువాతి పేరు పిలుస్తారు. ఆ ఉద్యోగాన్ని నమ్ముకునే దివిసీమనుంచి సంసారం ఎత్తుకు వచ్చారు. పిల్లలిద్దరినీ బడి తెరిచేదాకా నాగాయలంకలోనే ఆడపడుచు దగ్గర వదిలి, తామిద్దరూ, ప్రకాశరావు తల్లీ ఈ నాలుగు రోజులుగా బుచ్చిరాజు ఇంట దిగి ఉన్నారు.

బుచ్చిరాజు ప్రకాశరావుకు మేనమామ కొడుకు. కాలవగట్టు మీది ఆ యింటిని వెతికి, వెల్ల వేయించి, గుమ్మాలకు పసుపు రాయించింది ఆయనే. ఈ ఉదయం భార్య కనకరత్నాన్ని వెంటబెట్టుకుని తెల్లవారకముందే అక్కడికి వెళ్ళాడు. పొయ్యి వేసి, మామిడాకులు కట్టి, వీళ్ళ రాకకోసం ఎదురుచూస్తున్నాడు.

ఇప్పుడు రానంటే బావ ముఖం ఎలా చూడగలనని ప్రకాశరావు అడిగాడు. నెల్లాళ్ళు తిరిగి తిరిగి వెతికాడన్నాడు. మెచ్చుకోకపోయినా మాట పడనివ్వకూడదన్నాడు. ఆమె అన్నిటికీ తల ఊపింది. అన్నీ నిజమేనన్నది. నిజమేనంటూనే సైకిలు చక్రాన్ని వేలితో తిప్పింది. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది, చాలాసేపు తిరిగింది.

"వానలొస్తే ఆ గట్టు ఎలా ఉంటుందండీ?"

"వానలొస్తే అందరికీ వస్తాయి. గట్టు మీద మనం ఒక్కళ్ళమే ఉండబోతున్నామా?"

"ఉన్నవాళ్ళెవరూ పురుళ్ళు పొయ్యరుగా."

జవాబు లేనప్పుడు మగవాడు గొంతు పెంచుతాడు. ఆయనా పెంచాడు. మొన్న ఆమె చూసి వచ్చిన సున్నం బట్టీల వీధిలోని ఆ పెంకుటింటి మీదే ఇంకా మనసుందా అని అడిగాడు. ఆ పొగలో, ఆ చేపల గాలిలో అమ్మ ముద్ద మింగగలదా అని అడిగాడు.

అమ్మ వసారాలో ఉంది. స్తంభానికి వీపు ఆనించి వత్తులు చేసుకుంటోంది.

సుబ్బులమ్మగారు కోడలితో మాట్లాడక ఇది నాలుగో రోజు. సైకిలు ఇంటికి వచ్చిన పూట, "మన ఇంట్లో ఆడవాళ్ళు బండెక్కారు, పడవెక్కారు. ఇది చూడటానికి మిగిలాను నేను," అన్నది. అంతే. ఆనాటినుంచి కోడలికి ఏమి చెప్పవలసి వచ్చినా స్తంభానికి చెప్పేది. నీళ్ళు కాగాయని స్తంభానికి చెప్పేది. మజ్జిగ పులిసిందని స్తంభానికి చెప్పేది. సత్యవతమ్మ స్తంభం తరఫున వెళ్ళి ఆ పని చేసి వచ్చేది.

"పొగ సంగతి తరవాత," అన్నది సత్యవతమ్మ. గొంతు తగ్గింది. "అలాంటి గాడి నేను ఇదివరకు చూశానండీ."

వసారాలో వత్తి చేస్తున్న చేతులు ఆగిపోయాయి.

ఏ గాడో ముగ్గురికీ తెలుసు. కిందటి కార్తికంలో సుబ్బులమ్మగారి చిన్నకూతురు మహాలక్ష్మికి తొలికాన్పు. కబురు రాగానే అత్తా కోడలూ బండి కట్టించుకుని బయలుదేరారు. కోసెడు దూరం ఉందనగా బండి ఇరుసు మునిగేదాకా గాడిలో దిగబడింది. ఎడ్లు మోకాళ్ళ మీద కూలబడ్డాయి. సత్యవతమ్మ పురిటి సామాను పెట్టె నెత్తిన పెట్టుకుని, పిక్కల లోతు బురదలో నడిచి వెళ్ళింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. అరగంట ముందు వచ్చి ఉంటే అని ఎవరూ అనలేదు. ఎవరూ అనకపోవడం వల్లనే ఆ అరగంట ఈ ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉన్నది.

సుబ్బులమ్మగారు లేచింది. ఒళ్ళోని దూది దులుపుకున్నది. ప్రయాణానికి తెచ్చుకున్న మరచెంబు నిండా నీళ్ళు పోసి మూత బిగించింది. వీధి గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కు తిరిగి స్తంభం వైపు చూసి, "సైకిలు తీసుకురమ్మను," అన్నది.

స్తంభం కదలలేదు. సత్యవతమ్మ కదిలింది.

కాలవలు కట్టేసిన రోజులు అవి. రోహిణి కార్తె ముగియవస్తున్నది. కాలవ అడుగున మట్టి పెచ్చులు పెచ్చులుగా లేచి, వంట మాడిన మూకుడులా ఉంది. గట్టు మీది దారి మాత్రం నున్నగా, నల్లగా, గట్టిగా, అరగదీసిన సానరాయిలా మెరుస్తోంది. చూసిన కంటికి ఏ వంకా కనిపించదు. ఎండలో ఇల్లు వెతికిన ఏ మనిషయినా ఆ దారిని చూసి మనసు పారేసుకుంటాడు. ప్రకాశరావూ పారేసుకున్నాడు, బుచ్చిరాజూ పారేసుకున్నాడు. ముందురోజు సాయంత్రం, చల్లగాలికి ఎదురుగా సైకిలు ఉరుకుతుంటే, రెండు నిమిషాలు సత్యవతమ్మ కూడా పారేసుకున్నది.

దూరాన వెల్లవేసిన ఇల్లు, గుమ్మానికి మామిడాకులు కనిపిస్తున్నాయి.

దారి పక్కన గాళ్ళు మోకాటి లోతున ఎండి, రాతిలో తొలిచిన కాలవల్లా ఉన్నాయి. ఎప్పుడో ఏ శ్రావణంలోనో ఏ బండి చక్రమో దిగబడి, లేచి, మళ్ళీ దిగబడిన గుర్తులు అవి. ఎద్దు గిట్టల గుంటలు కూడా అలాగే నిలిచి ఉన్నాయి.

సుబ్బులమ్మగారు అక్కడ ఆగింది. మరచెంబు మూత విప్పి, తులసికి పోసినంత మెల్లగా, దారి మీద సగం నీళ్ళు పోసింది. నీళ్ళు ఇంకలేదు, పారలేదు. నల్లనేల వాటిని కాసేపు నోట్లో పెట్టుకున్నట్టు ఉంచుకుని మెత్తబడింది. ఆమె మడమతో తొక్కింది. మడమకు అంటుకున్నదాన్ని వేలితో తీసి ఉండ చేసింది. దివిలో పొలం కొనబోయే ముందు ఆడవాళ్ళు కూడా అలా ఉండ చేసి చూస్తారు. ఉండ వేలికి అతుక్కుని రానన్నది.

"చక్రం ఆనించమను," అన్నది ఆమె. ఎవరికి చెప్పాలా అని చుట్టూ చూసింది.

గట్టు మీద స్తంభం లేదు.

తరువాత ఆమె కోడలి ముఖంలోకి చూసి, "చక్రం పెట్టవే అమ్మాయీ," అన్నది.

సత్యవతమ్మ సైకిలును ఆ తడిలోకి నెట్టింది. జానెడు దూరం వెళ్ళింది. మట్టి టైరును పట్టుకుని పైకి లేచింది, మడ్‌గార్డు కిందకు దూరింది, అక్కడ బిరడాలా బిగుసుకున్నది. రెండో జానెడుకు చక్రం తిరగడం మానేసింది. ప్రకాశరావు వచ్చి ఒక చెయ్యి వేశాడు. సైకిలు జరిగింది గాని చక్రం తిరగలేదు.

"అర చెంబు నీళ్ళకే ఇలా ఉంది," అన్నది సుబ్బులమ్మగారు. "రేపు కాలవ వదిలి, పైన ఆకాశమూ వదిలాక, ఇది నిన్ను మొయ్యదు. దీన్ని నువ్వు మోస్తావు."

"తెలిసి కూడా ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"నాలుగు ఎల్లలూ కాగితం మీద రాసుకొచ్చి చదివావు. నేల సంగతి నన్ను అడిగావా?" కొడుకును అంతటితో వదిలి ఆమె కోడలి వైపు తిరిగింది. "నీ మీద కోపమై కాదే. చక్రం చూస్తే ఆ బండే కనబడేది. దాన్ని నువ్వు నవ్వుతూ తుడుస్తుంటే నాకు నోరు పెగిలేది కాదు."

సత్యవతమ్మ పుల్ల తీసుకుని మడ్‌గార్డు కింది మట్టి గీకడం మొదలుపెట్టింది. అత్తగారు పక్కన కూర్చుని రెండో పుల్ల తీసుకున్నది.

ముహూర్తానికి ముప్పావుగంట ఉన్నదని ప్రకాశరావు గడియారం చూసి చెప్పాడు. చెప్పిన గొంతులో ఆజ్ఞ లేదు, ప్రశ్న ఉంది.

"ఆ పొగ వీధి ఎంత దూరం?" అని అడిగింది తల్లి.

సున్నం బట్టీల వీధి రేవు వైపున, ఊరు ముగిసి ఉప్పుగాలి మొదలయ్యే చోట ఉంది. మెత్తగా, తెల్లగా, ఎవరో ఊరంతటికీ పిండి జల్లి మరచిపోయినట్టు ఉంది. సముద్రపు గుల్లలు తెచ్చి బట్టీలో కాల్చి సున్నం చేసే వాళ్ళు పది ఇళ్ళవాళ్ళు. వలలు వేసేవాళ్ళు మరో పది ఇళ్ళు. కాలగా మిగిలిన గుల్లముక్కలన్నీ తరతరాలుగా ఆ వీధిలోనే పోశారు. గాలిలో చేపల వాసన నిజమే ఉంది. సుబ్బులమ్మగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అలాగే నడిచింది.

నాంచారయ్య అనే పెద్దమనిషి బట్టీ దగ్గరనుంచి లేచి వచ్చాడు. వీధి మొదట్లో ఉన్న రెండు గదుల పెంకుటిల్లు ఆయనదే. మొన్న ఈ అమ్మగారు వచ్చి చూసి వెళ్ళారని చెబుతూ, రెండు చేతులకూ అంటిన సున్నం పంచెకు తుడుచుకున్నాడు.

ఈ గుల్లముక్కలు టైరును కొయ్యవా అని ప్రకాశరావు అడిగాడు. అడగడంలో కొంచెం ఆశ ఉంది. కోస్తాయంటే బావ ముందు పరువు దక్కుతుంది.

నాంచారయ్య పాదం ఎత్తి చూపించాడు. "నలభయ్యేళ్ళ నించీ చెప్పుల్లేకుండా తిరుగుతున్నానండి. పచ్చిగుల్ల కోసుద్ది గాని కాలినగుల్ల కొయ్యదు బాబుగారూ, నలుగుద్ది. నలిగి నలిగి, వానపడితే గచ్చయిపోద్ది."

సుబ్బులమ్మగారు మరచెంబులో మిగిలిన నీళ్ళన్నీ అక్కడ పోసింది. తెల్లనేల గుటకవేసినట్టు తాగేసింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే సత్యవతమ్మ చక్రం పెట్టింది. చక్రం వెళ్ళింది. తడిదాటి పొడిలోకి వెళ్ళింది. వెనక సన్నని గీత ఒకటి మిగిలింది, ముగ్గులో మొదటి గీతలాగ.

పొగ మాటేమిటని సుబ్బులమ్మగారే అడిగింది. బట్టీ ఎండల్లోనే కాలుస్తామని, వానల్లో గుల్ల తడిసిపోతుంది గనక మూసేస్తామని నాంచారయ్య చెప్పాడు. చెబుతూ సైకిలు వైపు చూశాడు.

"ఇది ఎవరు తొక్కుతారండీ, అయ్యగారా?"

ప్రకాశరావు నేల చూశాడు. సత్యవతమ్మ అత్తగారి వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది.

"నా కోడలు," అన్నది సుబ్బులమ్మగారు. కొంగు ముక్కు మీదనుంచి దించి అన్నది.

గుమ్మంలో నిలబడి వింటున్న నాంచారయ్య భార్య ఆనందమ్మ రెండడుగులు ముందుకు వచ్చింది. పురుళ్ళుపోసే అమ్మగారు ఈమేనా అని అడిగింది. తన వీధిలో ముగ్గురు కడుపుతో ఉన్నారని, అందులో ఒకతె తన కోడలేనని, ఆమెకు శ్రావణంలో నెలలు నిండుతాయని చెప్పింది.

"శ్రావణమా?" అన్నది సత్యవతమ్మ. చెయ్యి తనంతట తానే సైకిలు గంట మీదకు వెళ్ళింది, మోగించకుండా ఆగింది.

సుబ్బులమ్మగారు ఇంట్లోకి వెళ్ళి రెండు గదులూ చూసింది. పొయ్యి చోటు చూసింది. కిటికీ దగ్గర నిలబడి, కళ్ళు మండగా తుడుచుకుని బయటికి వచ్చింది.

"పొగకు కళ్ళు తుడుచుకోవచ్చు," అని మాత్రం అన్నది.

అప్పుడే వీధి మొదట జట్కా ఆగింది. బుచ్చిరాజు దిగాడు. పట్టుపంచె కట్టుకున్నాడు, నుదుట బొట్టు చెమటకు కారిపోయింది. గట్టు మీద వీళ్ళను చూసినవాళ్ళు చెప్పగా వెతుక్కుంటూ వచ్చానన్నాడు. ముహూర్తం దాటిపోతుంటే చూస్తూ ఊరుకోలేక కనకరత్నమే వీళ్ళ పేరు చెప్పి పాలు పొంగించిందన్నాడు. తూర్పు వైపుకే పొంగాయన్నాడు. ఇంతకంటే శుభం ఏం కావాలన్నాడు. ఇంక మూడు రాత్రులు అక్కడ నిద్రచేస్తే సరి, పదండన్నాడు.

ఎవరూ కదలలేదు. ఆయన ఒక్కొక్కరి ముఖమే చూశాడు. తెల్లని వీధి చూశాడు, సైకిలు చూశాడు, మట్టి అంటిన మేనత్త వేళ్ళు చూశాడు.

"ఈ వాసనలోనా అత్తయ్యా, నువ్వు ఉండేది?"

దారి సంగతి ప్రకాశరావు చెప్పబోయాడు. మాట సగంలోనే ఆగిపోయింది. పాలు పొంగిన ఇంట మూడు నిద్రలు చెయ్యకుండా కదలరాదన్నది ఆ యింట సుబ్బులమ్మగారు నేర్పిన మాటే. మూడు నిద్రలూ అయ్యేసరికి సోమవారం తెల్లవారుతుంది. తెల్లవారాక డాక్టరుగారికి ఏ ఇల్లు చూపాలి? పెద్దావిడ ఏమంటుందోనని అందరూ ఆమె వైపే చూశారు. ఆమె సముద్రం వైపు చూస్తోంది. అక్కడ, కార్తె ఇంకా ముగియకముందే, మబ్బు ఒకటి కాటుక చెయ్యిలా లేస్తోంది.

"పొంగించింది కనకరత్నమేనా?"

"అవునత్తయ్యా. అంతా దాని చేతి మీదుగానే."

"అయితే అవి కనకరత్నం పాలు. నా కోడలి చెయ్యి పడని పాలు నా ఇంటివి ఎలా అవుతాయిరా?"

బుచ్చిరాజు ముఖం ఎర్రబడింది. కొంతసేపటికి మామూలయింది గాని, మునుపటి ముఖం కాలేదు. "ఆ మాట దానితో మీరే చెప్పండి. తెల్లవారుజామునుంచి పొయ్యి దగ్గర ఉంది. నాకు నోరు రాదు," అన్నాడు. ఎవరినీ ఎక్కమనకుండా జట్కా ఎక్కాడు. గాళ్ళలో చక్రం విరుగుతుందని జట్కాలు గట్టెక్కవు. బజారు చుట్టి వెళ్ళాలి. ఆ సంగతి ఆయనకు ఇన్నాళ్ళూ తెలుసు. ఇవాళే మొదటిసారి తెలిసినట్టు, బండి తిరుగుతుండగా ఒకసారి వెనక్కు చూశాడు.

వాడు చెబితే అది తిరస్కారంలా ఉంటుందని, తాను చెబితేనే అది మాటలా ఉంటుందని సుబ్బులమ్మగారు అన్నది. వాడికంటే ముందు అక్కడ ఉండాలన్నది. తరువాత సైకిలు వెనక భాగాన్ని చేత్తో నొక్కి చూసింది.

"ఇది మనిషిని మోస్తుందా?"

"మోస్తుందండీ. నేనే ఇంతవరకు ఎవరినీ ఎక్కించుకోలేదు."

"నేనూ ఇంతవరకు ఎక్కలేదులే."

ప్రకాశరావు వెనకనుంచి పట్టుకున్నాడు. ఒక చేత్తో ఖాళీ మరచెంబు, ఒక చేత్తో కోడలి నడుము పట్టుకుని సుబ్బులమ్మగారు ఒక పక్కకు కూర్చున్నది. సైకిలు కుడికి ఒరిగింది, ఎడమకు ఒరిగింది, తరువాత తన దారి తాను పట్టుకున్నది. వెనక పరుగెత్తుతున్న ప్రకాశరావు చెయ్యి ఎప్పుడు వదిలాడో ముందున్న ఇద్దరికీ తెలియలేదు. ఆనందమ్మ వీధిలో నిలబడి, చెయ్యి బుగ్గన పెట్టుకుని చూసింది.

తెల్లని నేల ముగిసి నల్లని గట్టు మొదలయ్యే చోట మొదటి చినుకు పడింది. రెండోది సుబ్బులమ్మగారి చేతి మీద పడింది. ఎదురుగా, గట్టు చివర, వెల్లవేసిన ఇంటి గుమ్మంలో కనకరత్నం పాలగిన్నె పట్టుకుని నిలబడి ఉంది. వీళ్ళను చూసి నవ్వుతూ చెయ్యెత్తింది.

సత్యవతమ్మ కాళ్ళు నెమ్మదించాయి. నేల అప్పుడే టైరును పట్టుకోవడం మొదలుపెట్టింది.

"దిగుతారా అత్తయ్యగారూ?"

నడుము చుట్టూ ఉన్న చెయ్యి ఇంకొంచెం బిగిసింది.

"తొక్కవే అమ్మాయీ," అన్నది వెనకనుంచి గొంతు. "ఇవాళ మాత్రం ఆగకు."